కేకు గిన్నెకు ఏమి రాయాలి?

డిసెంబరు వచ్చిందంటే మన పల్లెల్లో కూడా చాలామంది ఇంట్లోనే కేకు చేసుకుంటున్నారు. ఓవెన్ లేనివారు దళసరి గిన్నెలో ఇసుక పోసి, పొయ్యి మీద వేడిచేసి, అందులో కేకు గిన్నె పెడతారు. పిండి, పంచదార, గుడ్లు అన్నీ సరిగానే కొలుస్తారు. తీరా బోర్లించేసరికి పైభాగం పళ్లెంలోకి వస్తుంది, అడుగుభాగం గిన్నెకే ఉండిపోతుంది. పండుగకని కూడబెట్టిన డబ్బు అందులో ఉంది గనుక ఆ ఇల్లాలి బాధ చిన్నదేమీ కాదు. పిండి కలపడంలో లోపమనుకుంటారు గాని, చాలాసార్లు గిన్నెకు రాసిన దానిలోనే చిక్కు ఉంటుంది.

కేకులో వెన్న వేస్తాం గదా, గిన్నెకూ అదే రాద్దామనుకోవడం సహజం. అయితే వెన్న అంతా కొవ్వు కాదు. అంగడి వెన్నలో నూటికి 80 పాళ్లు కొవ్వు, దాదాపు 16 పాళ్లు నీరు. మిగిలినది పాల పదార్థం, ఉప్పు. నెయ్యి కాచినప్పుడు అడుగున అంటుకునే ఎర్రని మడ్డి మనమందరం గోకినదే. వెన్న రాసిన గిన్నెలోనూ ఆ పాల పదార్థమే మాడి కేకును పట్టుకుంటుంది. నెయ్యిలో నీరూ లేదు, మడ్డీ లేదు. అందుకే మేము నెయ్యికే ఓటు వేస్తాం. చిన్న గిన్నెకు ఒక చెంచా చాలు, ఖర్చని వెనుకాడనక్కరలేదు.

నూనె పనికిరాదా అంటారేమో. పనికి వస్తుంది గాని, పలచన గనుక అంచుల నుండి జారి అడుగున చేరుతుంది. అంచులకు మిగిలిన పలుచని పొర వేడికి జిగురుగా మారుతుంది. పాత మూకుడు వెలుపల పట్టిన జిగురు చూశారు గదా! నువ్వుల నూనె మాత్రం వద్దు. ఆ వాసన ఆవకాయకే అందం.

వనస్పతి గట్టిగా నిలుస్తుంది, కేకు సులువుగా ఊడుతుంది. అందులోని ట్రాన్స్ కొవ్వు గుండెకు చేటని, 2022 జనవరి నుండి దానిని నూటికి 2 పాళ్లకు మించనీయకూడదని మన దేశంలో నిబంధన పెట్టారు. ఇంట్లో నెయ్యి ఉండగా దాని జోలికి పోవడమెందుకు?

నెయ్యిని కరిగించి పోయకండి. పేరుకున్న నెయ్యినే వేళ్లతో అడుగుకు, అంచులకు, ముఖ్యంగా మూలలకు పలుచగా రుద్దండి. పైన చెంచా మైదా చల్లి, గిన్నెను తిప్పి, ఎక్కువైనది దులపండి. దులపకపోతే కేకు మీద తెల్లని మచ్చలు పడతాయి. ఇసుక మీద చేసేవారికి అడుగు వేడి ఎక్కువ గనుక, అడుగుకు సరిపడా బటర్ పేపరు కత్తిరించి వేసుకోవడం మేలు. వార్తాపత్రిక వాడవద్దు, సిరా అంటుతుంది.

దించిన వెంటనే బోర్లించకండి, వేడి కేకు విరుగుతుంది. పది నిమిషాలు ఆగి, అంచు చుట్టూ చాకు తిప్పి బోర్లించండి. మరీ ఆలస్యం చేస్తే ఆవిరికి అడుగు తడిసి మళ్లీ అంటుకుంటుంది.