రంగునీటిలోని లోహం ఎక్కడికి పోతుంది?

అద్దకం ముగిసిన తరువాత బానలోని నీటిని కాలువలో పారబోయడం మన కొట్టాలలో తాతలనాటి అలవాటు. నాలుగు వానలు పడితే కాలువ తేటపడుతుంది. రంగు కనబడదు గనుక సంగతి అంతటితో ముగిసినదనుకుంటాము. రంగు మాట అట్లుంచి, ఆ నీటితో పోయిన లోహం సంగతి ఇక్కడ వ్రాస్తున్నాము.

లోహం ఎక్కడిదని సభ్యులు అడగవచ్చు. కొన్ని డైరెక్టు రంగులు నిలవడానికి వేసే మైలుతుత్తంలో రాగి ఉన్నది. గంధకపు రంగులకు, ఉన్ని రంగులకు వాడుతూ వచ్చిన పొటాషియం బైక్రోమేటులో క్రోమియం ఉన్నది. నెమలికంఠం వన్నె ఇచ్చే టర్కాయిస్ రియాక్టివ్ రంగులో సాధారణంగా రాగి రంగులోనే ఇమిడి ఉంటుంది. పటికలోనిదీ లోహమే గాని, అది ప్రతి బంకమట్టిలోనూ ఉన్నదే; దానితో మనకు పేచీ లేదు.

100 గ్రాముల మైలుతుత్తంలో రాగి సుమారు 25 గ్రాములు. అంతే బైక్రోమేటులో క్రోమియం సుమారు 35 గ్రాములు. గంజి కుళ్లుతుంది, నూలుపోగు కుళ్లుతుంది, రంగు ఎండకు వెలుస్తుంది. రాగి మాత్రం రాగిగానే ఉంటుంది.

నీటితో దిగిన లోహం చాలావరకు సన్నని బంకమట్టి రేణువులను, తుప్పు పొరలను, చివికిన ఆకు అలములను అంటిపట్టుకొని పోతుంది. మంచినీటిలో ఆ రేణువులు ఒకదానినొకటి నెట్టుకుంటూ తేలుతుంటాయి. ఉప్పునీరు తగలగానే ఆ నెట్టుడు తగ్గి, ముద్దలు కట్టి, అడుగుకు దిగుతాయి. బురదనీటి కుండలో ఇండుపగింజ అరగదీసి కలిపితే మట్టి పేరుకున్నట్లే ఇదీను. అందుచేత లోహంలో చాలా భాగం నడిసముద్రానికి పోదు. నదీముఖం దగ్గరి బురదలో, మడచెట్ల వేళ్ల నడుమ ఆగిపోతుంది. షోలాపురం నీరు భీమలో, భీమ కృష్ణలో కలుస్తుంది. ఆ ఒండ్రును శ్రీశైలం, నాగార్జునసాగరం జలాశయాలు దారిలోనే చాలా పట్టివేస్తాయి. భీవండి, యానాం వారికి ఆ అడ్డం లేదు. సముద్రపు పోటు వారి గుమ్మంలోకే వస్తుంది.

పైనీరు ముంచి పరీక్షిస్తే అంతా బాగున్నట్లే తోచవచ్చు. లోహమున్నది అడుగున, గాలి చొరని నల్లబురదలో. ఆ కుళ్లిన గ్రుడ్డు వాసన గంధకానిది. ఆ గంధకమే లోహాన్ని కట్టిపడేస్తుంది. రేవు లోతు చేయడానికి త్రవ్వినా, రొయ్యల చెరువుకు మట్టి తీసినా, తుఫాను కలచినా గాలి తగిలి ఆ ముడి వదులవుతుంది. కొంత లోహం తిరిగి నీటిలోకి వస్తుంది. రాగి కొద్దిగా ఉంటే ప్రాణులకు అవసరమే. మితిమీరితే ముందు దెబ్బతినేది రొయ్య పిల్లలు, గుల్లల పిల్లలు.

శాస్త్రజ్ఞులు బురదలోకి గొట్టం దించి, పైకి తీసి, పొరలుగా కోసి చూస్తారు. సుమారు 22 ఏండ్లకు సగమయ్యే ఒక రకపు సీసాన్ని బట్టి, నూరేండ్ల లోపు ఏ పొర ఎప్పుడు పడ్డదో కట్టగలరు. ఇక్కడ మనవారు ఒకటి గమనించవలెను. దక్కను నల్లరాతి నేలల మట్టిలో రాగి, క్రోమియం పుట్టుకతోనే ఎక్కువ; గోదావరి, కృష్ణల ఒండ్రు ఆ మట్టే. కనుక ఎవరైనా ఒక్క అంకె చూపి అద్దకపువారి పాపమంటే ఒప్పుకోనక్కరలేదు. పాత అడుగు పొరతో, అల్యూమినియం పాలుతో పోల్చి చూపమనవలెను. పోల్చిన తరువాత పై పొరలో ఎక్కువ తేలితే మాత్రం తప్పించుకోజూడడం తగదు.

బురద ఎంతకాలం దాచుతుందో జపానులోని మినమత చెబుతుంది. అక్కడి చిస్సో రసాయన కర్మాగారం 1932 నుండి 1968 వరకు పాదరసం కలిసిన నీటిని వదిలింది. చేపలు తిన్న బెస్త కుటుంబాలకు నరాల జబ్బు వచ్చినట్లు 1956లో బయటపడ్డది. కర్మాగారపు తూము 1968లో ఆగినా అఖాతం బాగుపడలేదు. 1977 నుండి 1990 వరకు సుమారు 15 లక్షల ఘనమీటర్ల బురదకు త్రవ్వకం, పూడ్పు పనులు జరిపిన తరువాత, 1997లో గాని చేపలు నిరపాయమని ప్రకటించలేకపోయారు. రాగి, క్రోమియం పాదరసమంత క్రూరంగా చేపల ఒంట పేరుకోవు; ఆ భేదం మరువరాదు. బురదలో నిలిచే గుణం మాత్రం ఒక్కటే.

మన దేశపు నిబంధనల ప్రకారం నదులు, కాలువలలోకి వదిలే నీటిలో లీటరుకు రాగి 3 మిల్లీగ్రాములు, మొత్తం క్రోమియం 2 మిల్లీగ్రాములు మించరాదు. 25 గ్రాముల రాగి అంతా నీటిలోనే మిగిలిందనుకుంటే, ఎనిమిదివేల పైచిలుకు లీటర్ల నీరు కలిపితే అంకె సరిపోతుంది. బురదకు చేరేది మాత్రం అదే 25 గ్రాములు! నీళ్లు కలపడం ఉపాయం కాదు.

చేయదగినదేమనగా: గంధకపు రంగులకు బైక్రోమేటు మాని హైడ్రోజన్ పెరాక్సైడుతో పని జరుపుకోవచ్చు. రాగి నీటికి తగినంత సున్నం కలిపి తేరనిస్తే రాగి మడ్డిగా దిగుతుంది. క్రోమియం నీటికి ముందు అన్నభేది, తరువాత సున్నం, ఒట్టిచేతులతో ముట్టరాదు. మోతాదు ప్రతి బానకూ ఒకటి కాదు గనుక పరీక్ష చేయించి నిర్ణయించుకోవలెను. దిగిన మడ్డిని కాలువలోనో కొబ్బరి పాదులోనో వేస్తే చేసిన పనంతా వృథా. దానిని ఆరబెట్టి, మూటకట్టి, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పొందిన చోటికే పంపవలెను. ఒక్కొక్క కొట్టానికి ఆ బండికూలి బరువు. పది కొట్టాలవారు కలిసి పంపుకుంటే భరించదగినదే.