కాంక్రీటు, చెక్క కలిసిన నేలపై టైల్స్ పరచడం

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు:
• కాంక్రీటు నేల, చెక్క నేల వేర్వేరుగా ఎందుకు కదులుతాయో వివరించగలుగుతారు.
• రెండూ కలిసేచోట టైల్ ఎందుకు పగులుతుందో చెప్పగలుగుతారు.
• పని చేయవలసిన క్రమాన్ని నిర్ణయించగలుగుతారు.

1. పరిచయం

మన ఇళ్లలో నేల సాధారణంగా అంతటా ఒకే తరహాలో ఉంటుంది. బ్రిటన్‌లో విక్టోరియా రాణి కాలం (1837–1901) నాటి వరుస ఇళ్లలో పరిస్థితి వేరు. చాలా ఇళ్ల ముందు గదుల్లో మట్టికి కొంత ఎత్తున దూలాలు అమర్చి, వాటిపై చెక్క పలకలు బిగించారు. వెనకవైపు తరవాత పొడిగించిన వంటగదికి కాంక్రీటు నేల వేశారు. మధ్య గోడ తీసి రెండింటినీ ఒకే గదిగా మార్చినప్పుడు, నేలలో ఆ రెండూ కలిసే గీత మిగులుతుంది. అలాంటి గదిలో అంతటా టైల్స్ వేయాలంటే ఏం చేయాలో తెలుసుకుందాం.

2. రెండు నేలల స్వభావం

(అ) వంగడం: కాంక్రీటు గట్టిపరచిన నేలపై ఆని ఉంటుంది. మనం నడిచినా వంగదు. దూలం మాత్రం రెండు ఆధారాల మధ్య గాలిలో ఉంటుంది కాబట్టి బరువు పడితే వంగుతుంది. సిరామిక్ టైల్స్ వేసే నేలలో ఈ వంపు దూలం నిడివిలో 360వ వంతు మించరాదన్నది అమెరికాలో విరివిగా పాటించే నియమం. 3,600 మి.మీ. దూలానికి ఇది 10 మి.మీ. సహజ రాతి పలకలకైతే 720వ వంతు, అంటే 5 మి.మీ.

(ఆ) ఉబ్బడం: చెక్క తేమను పీల్చి వెడల్పులో ఉబ్బుతుంది, పొడవులో దాదాపు మారదు. చెక్కలోని తేమ 4 శాతం మారితే 150 మి.మీ. వెడల్పు పలక సుమారు 1 నుంచి 1.5 మి.మీ. మారుతుంది. కాంక్రీటు విషయంలో, ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే 3 మీటర్ల నేల పెరిగేది సుమారు 0.3 మి.మీ. మాత్రమే.

3. పగులు ఎందుకు వస్తుంది?

టైల్ గట్టిదే కాని పెళుసు. దాని సగం కాంక్రీటుపై, సగం చెక్కపై ఉంటే ఒక పక్క దిగి మరో పక్క దిగదు. అప్పుడు టైల్ గాని, గ్రౌట్ గాని గీత వెంబడి పగులుతుంది. దూలాలు గీతకు సమాంతరంగా ఉంటే ప్రమాదం ఎక్కువ. వాటి కొసలు గీత దగ్గరే గోడపై ఆని ఉంటే తక్కువ.

రెండు నేలల మీదుగా డీకప్లింగ్ మ్యాట్ పరిస్తే ఇక ఒకే నేల అయినట్టేనని చాలామంది పొరబడతారు. ఆ మ్యాట్ పక్కలకు జరిగే కదలికను టైల్ వరకు రానీయదు. పైకీ కిందికీ జరిగే కదలికను మాత్రం ఆపలేదు.

4. పని క్రమం

1. పాడైన పలకలు మార్చి, మిగిలినవి స్క్రూలతో బిగించండి. వంపు ఎక్కువైతే దూలాల సంఖ్య పెంచండి. బయటి గోడల్లోని గాలి రంధ్రాలను మూయకండి. మూస్తే అడుగున తేమ చేరి దూలాలు కుళ్ళుతాయి.
2. కాంక్రీటు పూర్తిగా ఆరిందో లేదో పరీక్షించండి. కొత్త సిమెంటు స్క్రీడ్‌కు, 50 మి.మీ. మందం వరకు, ప్రతి మి.మీ.కు కనీసం ఒక రోజు చొప్పున గడువు ఇవ్వాలి.
3. చెక్క నేలపై సిమెంటు బోర్డు బిగించి, రసమట్టంతో రెండు వైపులా మట్టం సరిచూడండి. బోర్డు గీతను దాటకూడదు.
4. టైల్స్ అమరికను గీత నుంచి మొదలుపెట్టండి. టైల్ అంచు సరిగ్గా గీతపైకి రావాలి.
5. వంగే గుణమున్న అడెసివ్ వాడండి. గీతపై వచ్చే సందును గ్రౌట్‌తో కాక, సాగే సిలికోన్ సీలెంట్‌తో నింపండి. గోడల అంచుల్లోనూ ఇలాగే చేయండి.

5. సారాంశం

రెండు నేలలను బలవంతంగా ఒకటి చేయలేం. చెక్కవైపు కదలికను వీలైనంత తగ్గించాలి. మిగిలిన కదలికకు గీతపైనే చోటివ్వాలి. కనిపించే ఆ సన్నని సందు పనిలో లోపం కాదు, టైల్స్‌కు రక్షణ.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. 2,880 మి.మీ. దూలానికి 360వ వంతు నియమం ప్రకారం అనుమతించే వంపు ఎంత?
2. మ్యాట్ పరచినా గీతపై టైల్ పగలడానికి కారణం ఏమిటి?
3. మీకు పరిచయమున్న భవనంలో రెండు రకాల నేలలు కలిసేచోటును పరిశీలించి, అక్కడ సందు వదిలారో లేదో రాయండి.