కేసీ కాలువ మడుల్లో మీథేన్ తినే జీవులు

సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి కర్నూలు, నంద్యాల ప్రాంతాల మీదుగా కడప దాకా సుమారు 300 కిలోమీటర్లు సాగే కేసీ కాలువను ప్రైవేటు కంపెనీ తవ్వించింది. 1882లో దాన్ని ప్రభుత్వం తీసుకుంది. వేరుశనగకూ శనగకూ పేరుపడిన మెట్ట సీమలో వరి పండుతోందంటే చాలావరకు దాని చలవే. నీళ్లు నిలిచిన మడిలో కాలు పెడితే బురదలోంచి బుడగలు లేస్తాయి. వాటిలో మీథేన్ ఉంటుంది. నూరేళ్ల లెక్కన చూస్తే అది కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 28 రెట్లు ఎక్కువగా భూమిని వేడెక్కిస్తుంది. అయితే బురదలో పుట్టిన మీథేన్ అంతా పైకి రాదు. కొంత భాగాన్ని అక్కడే ఉన్న బ్యాక్టీరియా తినేస్తాయి.

వరి మొక్కను పెరికి బురద కడిగితే వేళ్ల మీద తుప్పు రంగు పూత కనబడుతుంది. ఆకుల నుంచి కాండంలోని గాలిదారుల గుండా దిగిన ఆక్సిజన్ వేళ్ల నుంచి బయటికి ఊరి, మట్టిలోని ఇనుమును తుప్పు పట్టించిన గుర్తు అది. మీథేన్ తినే బ్యాక్టీరియా ఎక్కువగా ఆ వేళ్ల చుట్టూ, బురద పైన కొన్ని మిల్లీమీటర్ల పొరలో ఉంటాయి. మీథేన్‌ను విడగొట్టే వాటి ఎంజైముకు ఆక్సిజన్ కావాలి. కనుక గాలి లేనిచోట వీటికి బతుకు లేదని చాలాకాలం అనుకున్నారు. అది సగమే నిజం. ఆక్సిజన్ తగ్గినప్పుడు కొన్ని జాతులు ఉన్న కాస్త ఆక్సిజన్‌ను మీథేన్ విడగొట్టడానికే దాచుకుని, శ్వాసకు నైట్రేట్ వాడుకుంటాయి. మరికొన్ని పులియబెట్టే దారి పట్టి ఫార్మేట్, అసిటేట్, హైడ్రోజన్ వదులుతాయని 2013లో తేలింది. నెదర్లాండ్స్ కాలువల అడుగు బురద నుంచి పెంచిన మిథైలోమిరాబిలిస్ అనే బ్యాక్టీరియా కథ ఇంకా విచిత్రం. నైట్రైట్ నుంచి నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసి, దాన్ని నైట్రోజన్‌గా, ఆక్సిజన్‌గా విడగొట్టి, ఆ ఆక్సిజన్‌తోనే మీథేన్ తింటుందని 2010లో శాస్త్రవేత్తలు వెల్లడించారు. దాని బంధువులు వరి నేలల్లోనూ దొరికాయి.

అలాగైతే మీథేన్ తగ్గించడానికి మడిని మధ్యమధ్యలో ఆరబెట్టడం ఎందుకు, ఈ బ్యాక్టీరియానే చూసుకుంటాయి కదా అని అడగవచ్చు. బతకడం వేరు, పని చేయడం వేరు. గాలి తగిలేచోట మీథేన్ తినే జాతులు గంటల్లో రెట్టింపైతే, మిథైలోమిరాబిలిస్‌కు వారం రెండు వారాలు పడుతుంది. నిండా నీళ్లున్న మడిలో మీథేన్ పుట్టే వేగాన్ని అది అందుకోలేదు. ఆరుతడి పద్ధతిలో నీటిమట్టం నేలకు 15 సెంటీమీటర్ల లోతుకు దిగాక మళ్లీ తడిపితే బురదలోకి గాలి దిగుతుంది. మీథేన్ తయారుచేసే జీవులు వెనక్కి తగ్గుతాయి, తినేవి పుంజుకుంటాయి. సాధారణంగా మీథేన్ విడుదల సగం దాకా తగ్గుతుంది. ఆరిన నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ పెరుగుతుందన్న అభ్యంతరం నిజమే. యూరియాను ఒకేసారి గుమ్మరించకుండా విడతలుగా వేస్తే దాన్ని అదుపులో ఉంచవచ్చు. లెక్క చాలావరకు లాభం వైపే ఉంటుంది. పూతదశలో మాత్రం ఆరబెట్టకూడదు.

నాకు ఇంతకంటే బలంగా తోచే అభ్యంతరం రైతుది. కాలువ చివరి ఆయకట్టుకు నీళ్లు ఎప్పుడొస్తాయో తెలియదు. వచ్చినప్పుడే మడి నింపుకోవాలి. ఆ భయంతో నీళ్లు నిలబెట్టే రైతును తప్పుపట్టలేం. వంతులవారీ విడుదల తేదీలు ముందే చెప్పి, ఆ తేదీల్లో చివరి తూము దాకా నీళ్లిస్తేనే ఆయన మడి ఆరబెట్టగలడు. అందుకే ఈ పని పొలంలో కంటే ముందు సుంకేసుల గేట్ల దగ్గర మొదలుకావాలి.