చెల్లాచెదురు అక్షరాల్లో మాటను పట్టేదెలా?

టి, ఇ, ఎల్, ఎస్, ఐ, ఎన్. ఈ ఆరు ఇంగ్లిష్ అక్షరాలను 720 రకాలుగా పేర్చవచ్చు! అన్నీ రాస్తూ కూర్చుంటే పొద్దు గూకుతుంది. మరి కంప్యూటర్ రెప్పపాటులో మాట ఎలా చెబుతుంది?

దానికో అందమైన కిటుకుంది. నిఘంటువులోని ప్రతి మాట అక్షరాలనూ ముందే ఏబీసీడీల వరుసలో సర్ది పెట్టుకుంటారు. 'లిసన్'ను సర్దితే ఇ-ఐ-ఎల్-ఎన్-ఎస్-టి. 'సైలెంట్'ను సర్దినా అదే! 'ఎన్‌లిస్ట్', 'టిన్సెల్' కూడా అంతే. నాలుగూ ఒకే గుంపు. మీరిచ్చిన అక్షరాలనూ అలాగే సర్ది చూస్తే చాలు, గుంపంతా బయటికొస్తుంది.

చేత్తో వెతికేటప్పుడు అక్షరాలను గుండ్రంగా రాయండి. చూపు పాత వరుసకు అతుక్కుపోదు. తరచూ కలిసొచ్చే జంటలను చివర పెట్టి చూడండి. ఎన్‌టి పెడితే 'సైలెంట్', ఎస్‌టి పెడితే 'ఎన్‌లిస్ట్' తడతాయి.