కుట్లు విప్పిన తర్వాత

సెలవు రోజు పొద్దున్నే హైదరాబాద్ శివారు మొయినాబాద్ దగ్గర చిల్కూరు దారి పడితే బాలాజీ దర్శనానికి వెళ్లే బండ్లే బండ్లు. పెట్రోలు ట్యాంకు మీద ఒక బిడ్డ, అమ్మానాన్నల మధ్య నలుగుతూ ఇంకో బిడ్డ. హెల్మెట్ ఉంటే నాన్నకే. నాలుగేళ్లు దాటిన పిల్లలకూ హెల్మెట్ ఉండాలని చట్టం చెబుతోంది. 2023 ఫిబ్రవరి నుంచి తొమ్మిది నెలలు దాటిన చిన్నవాళ్లకూ తప్పనిసరి, వాళ్లతో వెళ్లేటప్పుడు బండి వేగం గంటకు 40 కిలోమీటర్లు దాటకూడదు.

ఆ పక్కనే మర్రిచెట్ల నడుమ సాగే బీజాపూర్ రోడ్డు. 2025 నవంబరు 3న చేవెళ్ల మండలం మీర్జాగూడ దగ్గర కంకర టిప్పర్ ఆర్టీసీ బస్సును ఢీకొని 19 మంది చనిపోయారు. ఏ ప్రమాదంలోనైనా పోయినవాళ్ల లెక్క పేపర్లో వస్తుంది. తలకు దెబ్బ తగిలి బతికిన పిల్లల తర్వాతి బతుకు మాత్రం వార్త కాదు.

తలకు చిన్న దెబ్బ తగిలిన పిల్లల్లో ఎక్కువమంది కొన్ని వారాల్లోనే కోలుకుంటారు. గట్టి దెబ్బ సంగతి వేరు. కుట్లు విప్పుతారు, జుట్టు పెరిగి మచ్చ కనబడకుండా పోతుంది, పిల్లవాడు బడికెళతాడు. బోర్డు మీద రాసింది సగం ఎక్కించుకునేసరికి అలసిపోతాడు. బడి గంట మోగితే చెవులు మూసుకుంటాడు. ఆటలో ఔటంటే బ్యాటు విసిరికొడతాడు. రెండుసార్లు అలా జరిగితే మూడోసారి ఎవరూ ఆటకు పిలవరు. ఇంట్లో మొండివాడంటారు, బడిలో పొగరంటారు.

అది పొగరు కాదు. కోపాన్ని ఆపుకోవడం, మాట జారకుండా చూసుకోవడం నుదుటి వెనకున్న మెదడు భాగం పని. అది పాతికేళ్ల దాకా ఎదుగుతూనే ఉంటుంది. అందుకే ఆరేళ్లప్పుడు తగిలిన దెబ్బ పన్నెండేళ్లకు, చదువూ స్నేహాలూ చిక్కుపడే వయసులో బయటపడవచ్చు. అప్పటికి ఆ దెబ్బ ఇంట్లోవాళ్లకే గుర్తుండదు.

ఈ తీరుకు ప్రమాదం వల్ల కలిగిన బెదురే కారణమేమో అనిపించవచ్చు. 1970లలో లండన్‌లో పిల్లల మానసిక వైద్యుడు మైకేల్ రట్టర్ బృందం ఈ అనుమానాన్నే పరీక్షించింది. తలకు తీవ్రంగా దెబ్బ తగిలిన పిల్లలను, ప్రమాదాల్లో ఎముకలు విరిగిన పిల్లలతో పోల్చి రెండేళ్లకు పైగా గమనించింది. రెండు గుంపుల పిల్లలూ ఆసుపత్రి చూసినవాళ్లే. మానసిక సమస్యలు మాత్రం మొదటివాళ్లలోనే బాగా ఎక్కువ. కొందరు ఎదుటివాళ్ల ముందు సంకోచమే లేకుండా మాట్లాడేవారు.

మన 2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. వాటిలో తలగాయం పేరు లేదు. నడిచే, మాట్లాడే పిల్లవాడి కష్టం కాగితం మీదికి ఎక్కకపోవడం పెద్ద అన్యాయం.

తల్లిదండ్రులారా, తలకు దెబ్బ తగిలిన పిల్లల డిశ్చార్జి కాగితం జిరాక్సు ఒకటి క్లాసు టీచరు చేతికివ్వండి. బడి మారినా, ఏళ్లు గడిచినా మళ్లీ ఇవ్వండి.