తెరవకుండానే లెక్కపెట్టే ఓటు

ఫోన్‌లో ఓటు వేయడం మన దేశంలో ఇప్పటికే మొదలైంది. 2025 జూన్ 28న బిహార్‌లో కొన్ని పురపాలక ఎన్నికల్లో వృద్ధులు, దివ్యాంగులు, గర్భిణులు, వలస వెళ్లినవారు మొబైల్ యాప్ ద్వారా ఓటు వేశారు. అంతకు దాదాపు నాలుగేళ్ల ముందే, 2021 అక్టోబరు 20న, తెలంగాణ రాష్ట్ర ఎన్నికల సంఘం ఖమ్మంలో ఉత్తుత్తి పోలింగ్ ఒకటి నడిపి చూసింది. ఆ యాప్ తయారీలో కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ పాలుపంచుకుంది, ఐఐటీ ఆచార్యులు సలహాలిచ్చారు. ఆధార్‌లోని పేరు, ఎదురుగా ఉన్న మనిషి ముఖం, ఓటరు కార్డు మీది ఫొటో సరిపోతే ఓటు స్వీకరించి బ్లాక్‌చెయిన్‌లో భద్రపరిచారు. దాంతో ఎవరూ గెలవలేదు, ఎవరూ ఓడలేదు.

ఇలాంటి ఏర్పాటు ఎవరికి అక్కర అంటే అనంతపురం పీఠభూమి పేరు ముందు వరసలో ఉంటుంది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ సమయానికి రాదు. వేరుశనగ ఎండిపోయిన ఏడు కదిరి, కల్యాణదుర్గం, మడకశిర పల్లెల నుంచి జనం బెంగళూరు కట్టడాల పనికి పోతారు. పేరు ఊళ్లోని ఓటర్ల జాబితాలో, మనిషి కర్ణాటకలో. ఎన్నికలప్పుడు వీరిని తీసుకురావడానికి పార్టీలు బస్సులు పెట్టడం మామూలే. టికెట్ డబ్బులు ఎవరు కట్టారో తెలిసిన ప్రయాణికుడికి ఓటు ఎవరికి వేయాలో వేరే చెప్పనక్కర్లేదు. 2019 లోక్‌సభ ఎన్నికల్లో దేశం మొత్తం మీద సుమారు 30 కోట్ల మంది ఓటు వేయలేదని కేంద్ర ఎన్నికల సంఘమే చెప్పింది. వలస కార్మికుల కోసం 72 నియోజకవర్గాల ఓట్లను ఒకే యంత్రం మీద వేయించే రిమోట్ ఓటింగ్ యంత్రాన్ని తయారు చేయించి 2023 జనవరి 16న పార్టీల ముందు పెట్టింది. పార్టీలు సందేహాలు లేవనెత్తాయి, అది అక్కడే ఆగింది.

రాజకీయాల మీద జనానికి నమ్మకం సడలిందన్న బాధ ఈ చర్చకు ఇంకో మూలం. ‘యెవురు గెలిచినా మన బతుకు ఇంతే’ అనే మాట అనంతపురంలో ఏ టీ అంగడి దగ్గరైనా వినబడుతుంది. ‘నోటా’ 2013లో వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో దానికి కాంగ్రెస్ కంటే, భాజపా కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. అయితే నిరాశకూ ఓటు మానేయడానికీ లంకె అనుకున్నంత గట్టిది కాదు. 2024లో ఆంధ్రప్రదేశ్‌లో 81.86 శాతం మంది ఓటు వేశారు. చేతిలో ఫోన్, వీధి చివర పోలింగ్ కేంద్రం ఉన్న హైదరాబాద్ లోక్‌సభ నియోజకవర్గంలో అదే ఏడాది సగం మంది కూడా కదల్లేదు. 2005 నుంచి ఇంటర్నెట్ ఓటు ఉన్న ఎస్టోనియాలో 2023 నాటికి సగానికి పైగా ఓట్లు ఆ దారినే వచ్చాయి. మొత్తం పోలింగ్ మాత్రం 2007లో 61.9 శాతం, 2023లో 63.5 శాతం. ఆన్‌లైన్ ఓటు దూరాన్ని తగ్గిస్తుంది, అపనమ్మకం దాని పరిధిలోది కాదు. దాన్ని నిరాశకు మందుగా అమ్మజూపేవారు ఈ అంకెలు చూసినట్టు లేదు.

‘ఫోన్‌లో లక్షల రూపాయలు పంపుతున్నాం, ఒక్క ఓటు పంపలేమా?’ అన్నది అందరూ అడిగే ప్రశ్న. తప్పు ప్రశ్నే అయినా అసలు చిక్కు అందులోనే బయటపడుతుంది. డబ్బు పంపితే ఎవరు, ఎవరికి, ఎంత అన్నది బ్యాంకు రాసుకుంటుంది, రసీదు వస్తుంది, తేడా వస్తే తిరగదోడవచ్చు. ఓటుకు ఇవేవీ ఉండకూడదు. తన ఓటు లెక్కలో చేరిందని ఓటరుకు నమ్మకం కలగాలి, కానీ తాను ఎవరికి వేసిందీ ఆ ఓటరు ఇంకొకరికి రుజువు చేయలేకపోవాలి. తనకు తెలియాలి, చూపించే వీలు మాత్రం ఉండకూడదు. ఒకదాన్నొకటి కొట్టేసే ఈ రెండు షరతులను దాదాపుగా కలిపి నిలబెట్టే గణితం ఉంది, అదీ మూటను విప్పకుండా లోపలివాటిని లెక్కపెట్టే గణితం.

దాని పునాది తాహెర్ ఎల్‌గమాల్ అనే ఈజిప్టు శాస్త్రవేత్త 1985లో ప్రచురించిన పద్ధతి. అందులో వాడేది శేషాల లెక్క. ఏ గుణకారం చేసినా ఫలితాన్ని ఒక ప్రధాన సంఖ్యతో భాగించి, శేషాన్ని మాత్రమే ఉంచుకోవాలి. ఇక్కడి ఉదాహరణకు 23 తీసుకుంటే అంతా కాగితం మీదే చేసుకోవచ్చు. అధికారి ఒక రహస్య సంఖ్య ఎంచుకుంటాడు, అది 6 అనుకుంటే 5ను ఆరుసార్లు గుణించగా 15,625 వస్తుంది. దాన్ని 23తో భాగిస్తే శేషం 8. ఇప్పుడు 23, 5, 8 అనే మూడు సంఖ్యలనూ అధికారి గోడ మీద అతికించవచ్చు. 8ని చూసి 6ను కనిపెట్టడం ఇక్కడ చిటికెలో పని. 23 స్థానంలో ఆరు వందల పైచిలుకు అంకెలున్న ప్రధాన సంఖ్య పెడితే ఇప్పుడున్న కంప్యూటర్లన్నీ కలిసినా ఆ పని చేయలేవు.

ఒక ప్రతిపాదన మీద ముగ్గురు ఓటు వేస్తున్నారు. ‘అవును’కు 2, ‘కాదు’కు 1. ప్రతి ఓటరూ (నిజానికి ఓటరు ఫోను) తనకంటూ ఒక సంఖ్యను యాదృచ్ఛికంగా ఎంచుకుని రెండు సంఖ్యల జంటను తయారు చేస్తుంది. జంటలో మొదటిది, 5ను అన్నిసార్లు గుణిస్తే వచ్చే శేషం. రెండోది, 8ని అన్నిసార్లు గుణించి, ఓటుతో కూడా గుణిస్తే వచ్చే శేషం. మొదటి ఓటరు ‘అవును’, ఎంచుకున్న సంఖ్య 2. 25కు శేషం 2. 64కు శేషం 18, దాన్ని ఓటు 2తో గుణిస్తే 36, శేషం 13. జంట (2, 13). రెండో ఓటరు ‘కాదు’, సంఖ్య 3. జంట (10, 6). మూడో ఓటరు మళ్లీ ‘అవును’, సంఖ్య 4. జంట (4, 4). మొదటివారూ మూడోవారూ ఒకే మాట చెప్పారు, (2, 13)కూ (4, 4)కూ మాత్రం ఎక్కడా పోలిక లేదు. చూసినవారికి ఏదీ అంతుపట్టదు.

ఇప్పుడు ఈ జంటలను విప్పకుండానే గుణించాలి. మొదటి సంఖ్యలు 2, 10, 4 గుణిస్తే 80, శేషం 11. రెండో సంఖ్యలు 13, 6, 4 గుణిస్తే 312, శేషం 13. మూడు ఓట్లూ కలిసి (11, 13) అనే ఒకే జంటగా మారాయి. అధికారి తన రహస్య సంఖ్యను ఇప్పుడే, ఒక్కసారే బయటికి తీస్తాడు. 11ను ఆరుసార్లు గుణిస్తే 17,71,561, శేషం 9. ఇది ముగ్గురు కప్పిన ముసుగులన్నీ కలిసిన మొత్తం. 9ని దేనితో గుణిస్తే శేషం 13 వస్తుంది? 4తో (36లోంచి 23 తీస్తే 13). నాలుగంటే రెండు రెళ్లు, అంటే రెండు ‘అవును’లు. ఎవరి ఓటూ విప్పలేదు, మొత్తం మాత్రం తేలింది. జంటలన్నీ అందరి కళ్ల ముందూ ఉంటే గుణకారం సరిచూడటానికి అధికారి అక్కర్లేదు, ఏ బడిపంతులైనా చాలు. ఒక్కో ఓటు మీది ముసుగు ఒక్కో రకంగా ఉన్నా, అన్నింటినీ గుణించాక ఒకే రహస్య సంఖ్యతో ఒకే దెబ్బకు ఊడిపోతుంది. ఎన్నికల చర్చల్లో ఇంత అందమైన విషయం ఇంకొకటి లేదు.

అందం ఉన్నచోట దొంగ దారులూ ఉంటాయి. ఒక ఓటరు 2కు బదులు 8 పెట్టి పంపితే అది మూడు ‘అవును’లతో సమానం, మూట విప్పరు కాబట్టి పట్టుబడదు. దీనికి విరుగుడు 1985లో గోల్డ్‌వాసర్, మికాలి, రాకాఫ్ రూపమిచ్చిన జీరో నాలెడ్జ్ నిరూపణ. లోపల ఉన్నది 1 గానీ 2 గానీ అయ్యుండాలని రుజువవుతుంది, ఏదన్నది బయటపడదు. రహస్య సంఖ్య చేతిలో ఉన్న అధికారే ఒక్కొక్క జంటనూ విప్పి చూస్తే? ఆది షమీర్ 1979లో చెప్పిన పద్ధతిలో ఆ సంఖ్యను ముక్కలు చేసి పోటీలో ఉన్న పార్టీలకు పంచవచ్చు. ఐదు ముక్కల్లో ఏ మూడు కలిసినా పని జరుగుతుంది, రెండు చేరినా సున్నాయే.

గణితం సరిగ్గా ఉన్నా దాన్ని ప్రోగ్రాముగా రాసేవారు తప్పు చేయవచ్చు, చేశారు కూడా. 2019లో మాస్కో నగర ఎన్నికల కోసం తయారైన వ్యవస్థలో ఎల్‌గమాల్ పద్ధతినే మూడు పొరలుగా వాడారు, కానీ ప్రధాన సంఖ్య పొడవు 256 బిట్లు కూడా లేదు. పియెరిక్ గోద్రీ అనే ఫ్రెంచ్ పరిశోధకుడు మామూలు కంప్యూటర్‌తో దాన్ని ఇరవై నిమిషాల్లో ఛేదించవచ్చని చూపించాడు. చిన్న తాళాలు మూడు వేస్తే పెద్ద తాళం అవుతుందని అక్కడ ఎవరో అనుకున్నారు. అదే ఏడాది స్విట్జర్లాండ్ తపాలా సంస్థ స్విస్ పోస్ట్ తన ఓటింగ్ వ్యవస్థ కోడ్‌ను పరిశీలనకు పెట్టగా సారా జేమీ లూయిస్, ఒలివియే పెరేరా, వెనెస్సా టీగ్ ఓట్లను కలగలిపే దశలో లోపం పట్టుకున్నారు. లోపలివారు ఓట్లు మార్చినా ‘అంతా సక్రమం’ అనే నిరూపణ పుట్టించే వీలుంది. సరిచూడటానికి పెట్టిన గణితమే అబద్ధానికి సంతకం చేస్తుందన్నమాట.

బ్లాక్‌చెయిన్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. చేరిన రాతను ఎవరూ దిద్దకుండా అది కాపాడుతుంది, చేరకముందే ఫోను ఓటు మార్చేస్తే మార్చిన ఓటునే భద్రంగా కాపాడుతుంది. ప్రకటనల్లో ఈ మాట ముందు కనబడితే మిగతాది జాగ్రత్తగా చదవాలి.

ఫోను మోసానికి జోష్ బెనాలో అనే శాస్త్రవేత్త ముచ్చటైన ఉపాయం చెప్పాడు. ఓటును మూటగట్టాక ఫోను ఆ జంటను ముందుగా ప్రకటించాలి. అప్పుడు ఓటరు ‘పంపు’ అనవచ్చు, లేదా ‘విప్పి చూపించు’ అనవచ్చు. విప్పమంటే ఫోను తన యాదృచ్ఛిక సంఖ్యను వెల్లడించాలి, మోసముంటే దొరికిపోతుంది. విప్పిన ఓటు చెల్లదు కాబట్టి మళ్లీ వేయాలి. ఓటరు ఎప్పుడు ఏమంటాడో ఫోనుకు ముందు తెలియదు, అందుకే అది ప్రతిసారీ నిజాయితీగా ఉండక తప్పదు. అయితే ఓటర్లలో కొందరైనా ఆ పరీక్ష చేస్తేనే ఇది పనిచేస్తుంది. మామూలు మనిషి ఒకసారి నొక్కి ఫోను జేబులో పెట్టుకుంటాడు.

పరీక్షలంటే ప్రభుత్వాలకు ఉన్న ఇష్టాయిష్టాలు 2010లో ఒకే ఏడాదిలో బయటపడ్డాయి. వాషింగ్టన్ నగరం తన ఇంటర్నెట్ ఓటింగ్‌ను ఛేదించి చూడమని బహిరంగంగా ఆహ్వానించింది. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ హాల్డర్‌మన్ బృందం 48 గంటల్లో లోపలికి చొరబడి ఓట్లు మార్చేసింది, ఓటు వేసినవారికి తమ విశ్వవిద్యాలయం పాట వినిపించేలా చేసి మరీ వచ్చింది. నగరం ఆ పథకాన్ని పక్కన పెట్టింది. అదే హాల్డర్‌మన్‌తో కలిసి భారతీయ ఈవీఎంను విప్పి, లోపాలు చూపించిన హైదరాబాద్ ఇంజినీరు హరిప్రసాద్‌ను మాత్రం, యంత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటూ అదే ఏడాది ఆగస్టులో అరెస్టు చేశారు. 2013లో సుప్రీంకోర్టు కాగితం చీటీ, అంటే వీవీప్యాట్, ఉండాల్సిందే అంది. ఏడు సెకన్లు కనబడి పెట్టెలో పడే ఆ చీటీకి ఫోన్‌లో సాటి వచ్చేది ఏదీ లేదు.

ఇవన్నీ తీరినా ఒత్తిడి మిగులుతుంది. రహస్య ఓటు బలమేమిటో అనంతపురం జిల్లా ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి కథ చెబుతుంది. 1969 రాష్ట్రపతి ఎన్నికలో ఆయన కాంగ్రెస్ అధికారిక అభ్యర్థి. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్న ఇందిరాగాంధీ పిలుపుతో వి.వి.గిరి గెలిచారు. ఎవరు ఎటు వేశారో పార్టీ అడిగి తెలుసుకునే వీలుంటే ఫలితం వేరుగా ఉండేదేమో. చట్టసభల సభ్యులకే ఆ చాటు అవసరమైతే ఫ్యాక్షన్ పల్లెలో కూలి మనిషికి ఎంత అవసరమో చెప్పక్కర్లేదు. 1961 ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49-ఎం ప్రకారం రహస్యం పాటించడం ఓటరు బాధ్యత కూడా, పాటించనంటే ఓటు వేయనివ్వరు. పోలింగ్ కేంద్రంలోని అట్టపెట్టె చాటు ఆ పని చేస్తుంది. ఇంట్లో, నాయకుడి వసారాలో, బెంగళూరు మేస్త్రీ షెడ్డులో ఆ చాటు ఎవరు పెడతారు? బిహార్‌లో ఒక మొబైల్ నంబరు మీద ఇద్దరు ఓటర్లకు అనుమతించారు, ఫోను ఎవరి చేతిలో ఉంటుందో ఊహించుకోవచ్చు. ఎస్టోనియాలో ఒత్తిడికి లొంగి ఓటు వేసినవారు తర్వాత మళ్లీ వేయవచ్చు, చివరిదే లెక్క. గడువు ముగిసేదాకా ఫోన్లూ కార్డులూ తన దగ్గరే పెట్టుకునే పెద్దమనిషి ఉన్నచోట ఆ ఉపాయం చెల్లదు.

ఫోన్ల సంగతి పక్కన పెడితే, విప్పకుండా కూడే పనికి అనంతపురం పల్లెల్లో నిజమైన గిరాకీ ఒకటుంది. ఇప్పుడు ఈవీఎంల లెక్క పోలింగ్ కేంద్రాల వారీగా బయటికి వస్తుంది. ఏ పల్లె ఎటు మొగ్గిందో గెలిచినవాడికీ ఓడినవాడికీ తెలిసిపోతుంది, ఆ పల్లె బోరుకూ రోడ్డుకూ ఐదేళ్లపాటు ఆ జ్ఞాపకం అడ్డుపడవచ్చు. కాగితం బ్యాలెట్ల కాలంలో, బెదిరింపులకు ఆస్కారమున్న నియోజకవర్గాల్లో, అనేక పెట్టెల ఓట్లు కలగలిపి లెక్కపెట్టే నియమం ఉండేది. యంత్రాలతో ఆ కలుపుడు పోయింది. 14 ఈవీఎంలను కలిపి మొత్తం మాత్రమే చూపే టోటలైజర్‌ను బీఈఎల్, ఈసీఐఎల్ సంస్థలు తయారు చేశాయి. ఎన్నికల సంఘం 2008లో దాన్ని ప్రతిపాదించింది, లా కమిషన్ 2015లో తన 255వ నివేదికలో సమర్థించింది. కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోలేదు. పల్లెల వారీ ఓట్లు ఇప్పటికీ ఫారం 20లో అచ్చవుతున్నాయి.