తండా సూదిపని టోపీ మీదికి ఎక్కేనా?

సంక్రాంతి క్రికెట్ పోటీలు వచ్చినా, ఎన్నికల ఊరేగింపులు వచ్చినా మన పల్లెల్లో కుర్రకారు తలల మీద అంచు టోపీలు ప్రత్యక్షమవుతాయి. జట్టు పేరో, ఊరి పేరో, పార్టీ గుర్తో టోపీ ముందు భాగాన దారంతో కుట్టించుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. ఈ పని కోసం ఆర్డర్లు పట్టుకుని జనం పట్నాలకు పోతుంటే, ఊరి పక్కనే తరతరాలుగా సూది పట్టిన చేతులకు పని లేకుండా పోతున్నది. అవి సుగాలీ తండాల ఆడవాళ్ల చేతులు.

పులి బొమ్మతో మొదలు

ఈ టోపీ అమెరికావారి బేస్‌బాల్ ఆటది. 1860 ప్రాంతంలో బ్రూక్లిన్‌లోని ఎక్సెల్సియర్స్ జట్టువారు ఎండ కంట్లో పడకుండా ముందుకు అంచు ఉన్న గుండ్రని టోపీలు పెట్టుకున్నారు. 1901లో డెట్రాయిట్ జట్టు తమ టోపీ మీద పులి బొమ్మ వేయించుకున్నది. అక్కడి నుంచి టోపీ ఎండకు నీడే కాక, పెట్టుకున్నవాడు ఎవరి మనిషో చెప్పే గుర్తు కూడా అయింది.

తల మీద కుట్టుపని మన తండాలకు కొత్త కాదు. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి, యర్రగొండపాలెం, దోర్నాల వైపు తండాల్లో పెద్దవాళ్ల ఫేటియా, కాంచళి, తలమీది టుక్రి అన్నీ అద్దాలు, గవ్వలు, రంగు దారాలతో నిండి ఉండేవి. నీళ్ల కుండ కింద పెట్టుకునే చుట్టకుదురుకు సైతం కుట్టుపని గుడ్డ వేలాడేది. ఇప్పటి పిల్లలు చీరలకు, పంజాబీ డ్రెస్సులకు మళ్లారు. బరువైన ఆ దుస్తులు పెళ్లిళ్లకు, తీజ్ పండుగకు మాత్రమే పెట్టెలోంచి బయటికి వస్తున్నాయి. వాడకం తగ్గితే పని నేర్చేవారూ తగ్గుతారు.

యంత్రానికీ చిక్కులే

పట్నంలో కంప్యూటర్ కుట్టు యంత్రం టోపీని వంపు చట్రానికి బిగించి కుడుతుంది. బొమ్మను ముందుగా కుట్ల లెక్కలోకి మార్చాలి. దానికి ఒక్కసారి డబ్బు తీసుకుంటారు. ఆ తరువాత కూలి కుట్ల సంఖ్యను బట్టి ఉంటుంది. అందుకే పది టోపీలు చేయిస్తే ఒక్కోటి ఖరీదుగా, వంద చేయిస్తే చవకగా పడుతుంది.

టోపీ ముందు భాగంలో కుట్టుకు దొరికే ఎత్తు సుమారు రెండు అంగుళాలే. ఇంగ్లీషు అక్షరాలు అందులో సులువుగా ఇముడుతాయి. తెలుగుకు పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కదా, అసలు అక్షరానికి చోటు తగ్గుతుంది. 'గుంటూరు' అని కుట్టడం తేలిక. 'పల్నాడు', 'మాచర్ల' అంటే ఒత్తులకూ చోటు వదలాలి. అక్షరం మరీ చిన్నదైతే సున్నాలు దారంతో పూడిపోయి ముద్దగా కనిపిస్తాయి. కాబట్టి పెద్ద అక్షరాలతో, తక్కువ మాటలతో రాయించుకోవడం మేలు. వందల టోపీలు కుట్టించే ముందు ఒకటి కుట్టించి చూసుకోవాలి.

చేతిపనికి దారి ఏది?

పేర్లు కుట్టడంలో యంత్రంతో చెయ్యి పోటీపడలేదు. పడనక్కరలేదు కూడా. అద్దం చుట్టూ దారం అల్లి బిగించడం, గవ్వ కూర్చడం చేతికే అందంగా కుదురుతాయి. అయితే కుట్టిన టోపీ లోపల గట్టి బక్రం ఉంటుంది, సూది సులువుగా దిగదు. అందువల్ల మూడంగుళాల నూలు గుడ్డ ముక్క మీద ఇంట్లోనే పని పూర్తిచేసి, ఆ ముక్కను దర్జీ చేత టోపీకి కుట్టించడం సులువైన దారి. మిరప కోసిన చేతులు మండుతుంటే సూది పట్టలేరు కనుక, ఈ పని కోతలు ముగిసిన వేసవికి సరిపోతుంది.

కర్ణాటకలో బళ్లారి జిల్లా సండూరు లంబాణీలు ఈ దారిలో ముందున్నారు. వారి కుట్టుపనికి 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో హంపీలో జీ-20 సమావేశాల సందర్భంగా వారు తయారుచేసిన 1,755 వస్తువుల ప్రదర్శన గిన్నిస్ రికార్డుకెక్కింది. ఆ గుర్తింపు సండూరు పనికే చెందుతుంది. మన తండాలు ఆ పేరు పెట్టుకుని అమ్మరాదు, తమ పేరు తామే సంపాదించుకోవాలి.

కూలి లెక్క ముందే తేలాలి

అసలు ప్రమాదం కూలి దగ్గర ఉన్నది. ఒక ముక్కకు మూడు గంటలు పడుతుందనుకుందాం. దళారీ 60 రూపాయలు ఇస్తే గంటకు గిట్టేది 20 రూపాయలు. ఎనిమిది గంటలు కళ్లు పొడుచుకున్నా 160 రూపాయలే. ఆ డబ్బుకు సూది పట్టేకంటే మిరప కోతకు పోవడమే నయమనిపిస్తుంది, ఆ పనీ అంతటితో అంతరిస్తుంది. అందుకని ముక్కకు ఇంత అని ఒప్పుకునే ముందు, ఎంతసేపు పడుతుందో కుట్టి చూసుకోవాలి. అద్దాలు, దారం ఎవరు కొనాలో కూడా ముందే మాట్లాడుకోవాలి.

సర్కారు సాయం కొంత ఉన్నది. కేంద్ర హస్తకళల శాఖ ఇచ్చే 'పహచాన్' కార్డు చేతిపనివారికి గుర్తింపునిస్తుంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన విశ్వకర్మ పథకంలో దర్జీలకూ చోటున్నది. పనిముట్లకు 15,000 రూపాయలు, 5 శాతం వడ్డీకి మొదటి విడతగా లక్ష రూపాయల వరకు అప్పు అందులో ఉన్నాయి.

వచ్చే సంక్రాంతికి జట్టు టోపీలు చేయించాలనుకునే యువకులు పేరును యంత్రానికి అప్పగించి, పక్కన ఒక్క అద్దాల పువ్వును తండా ఆడపడుచులకు అప్పగిస్తే బాగుంటుంది. ఆటగాళ్లకు నలుగురిలో ప్రత్యేకత దక్కుతుంది, ఊరి డబ్బు కొంతయినా ఊరి పక్కనే నిలుస్తుంది.